మూడుసార్లు తిరిగొచ్చింది

అవెన్యూ రోడ్డులో
బంగారం అంగళ్ళకీ పెండ్లి పత్రికలు అచ్చేసే సందుకీ మధ్య
నీలం పట్ట కింద నంజుండప్ప కూర్చుంటాడు.
ఇంగ్లీషు చదవడం రాదు.
కోలారు తెలుగులో అడుగుతాడు:
"ఏమప్పా, ఏం నేర్చుకోవల్ల?"

ప్రోగ్రామింగ్ అన్నాను. వెబ్‌సైట్లు చెయ్యడం.
అప్పటికి నా చేతికి తెలిసిన పని ఒక్కటే:
బెళ్ళందూరులో అద్దాల భవనం ముందు
కారు వస్తే లేపాల్సిన
ఎర్ర తెల్ల చారల గడ.

అతను పేర్లు చూడలేదు.
పుస్తకం వీపు మీద బొటనవేలు ఆనించి
అంచుల్ని పేకముక్కల్లా వదిలాడు.
"ఇది ముప్పై పేజీల దాకా నలిగింది,
ఆ పైన కొత్త చీర మడత మాదిరి అట్లే ఉంది. వద్దు.
ఇది పది దినాల్లో అంతా వచ్చేస్తాదని చెప్తాదంట,
మా పాప చదివి చెప్పింది.
ఆ తొందర అచ్చేసినోడిది, నీకేం తొందర?
ఇదో, ఇటుక. తలకింద పెట్టుకుంటారు.
మంచిదే. రెండేండ్లు పోనిచ్చి రా."

చివరికి కూర్చున్న పీట కిందినుంచి
అట్ట లేనిదాన్ని ఒకటి లాగాడు.
మొదటి ఆకులు కూడా లేవు. పేరు లేదు.
"మూడుసార్లు అమ్మినా. మూడుసార్లు తిరిగొచ్చింది.
చదవనోళ్ళు ఇంట్లో పెట్టుకుంటారప్పా.
చదివినోళ్ళే తెచ్చిస్తారు."
నూట నలభై. బేరం లేదు.

రాత్రి డ్యూటీలో
విజిటర్ల రిజిస్టరు కింద దాచి చదివాను.
తెరిచిన ట్యాగు ప్రతిదీ మూయమంది,
గేటు కాసేవాడికి అది కొత్త సంగతి కాదు.
లూప్ దగ్గర నాలుగు రోజులు ఇరుక్కున్నాను.
ఐదో రోజు డబల్ డ్యూటీ. పొద్దున తొమ్మిదిన్నరకి
కార్ల వరస రింగ్ రోడ్డు దాకా పాకినప్పుడు
నా చెయ్యే చెప్పింది:
బండి ఉన్నంతసేపూ లేపు, దించు, లేపు, దించు.
వరస అయిపోతే టీకి పో.
ఆ టీయే షరతు.
నవ్వొచ్చి, హారన్ కొట్టినాయనకి
రెండు సెల్యూట్లు కొట్టాను.

పీజీలో మంచం పగలు నాది, రాత్రి చాంద్‌బాషాది.
అతని లాప్‌టాప్‌కీ అదే లెక్క.
నూట పన్నెండో పేజీ ఉన్నది ఉన్నట్టు కొట్టాను.
నడవలేదు.
చుక్క చుక్కకీ వేలు పెట్టి సరిచూశాను.
రెండు పగళ్ళు నిద్ర పోయింది.
బీకాం రెండుసార్లు తప్పినవాణ్ణి,
తప్పు ఎవరి దగ్గర వెతకాలో నాకు బాగా అలవాటు.
మూడో పగలు విసుగొచ్చి ఆకు తిప్పితే
వెనక, పెన్సిల్‌తో, తెలుగులో,
గుండ్రటి చిన్న అక్షరాలు:
"ఇది పుస్తకం తప్పు. నీది కాదు.
ఏడో వరసలో ఒక బ్రాకెట్ తక్కువ."

కింద పేరు లేదు.
కందిపప్పు, బట్టల సబ్బు, రెండు పెన్నులు,
మొత్తం నూట తొంభై ఆరు అని లెక్క ఉంది.

బ్రాకెట్ పెట్టాను.
తెల్ల తెర మీద నీలం బటన్ ఒకటి లేచింది.
నొక్కితే నా పేరు చెప్పింది:
ఓబులేసు.
చూపించడానికి గదిలో ఎవరూ లేరు.
నేనే పదకొండుసార్లు నొక్కాను.

ఇప్పుడు గడకి అవతల పని.
వేరే భవనం, వేరే గడ.
కొత్తగా చేరిన పిల్లలు అడుగుతారు,
ఏ పుస్తకం చదవాలన్నా, పేరు చెప్పు అని.
ఏం చెప్పను?
అవెన్యూ రోడ్డుకి దారి చెప్తాను.

దాన్ని తిరిగి ఇచ్చేసిన రోజు
రెండొందల ఎనిమిదో పేజీ అంచున
నేనూ ఒక మాట రాశాను:
"ఇక్కడ నాకూ అర్థం కాలేదు. ఆగొద్దు.
ఇంకో ఇరవై పేజీలు పోయి వెనక్కి రా."

నంజుండప్ప అంచులు వదిలి చూశాడు,
ఒక చోట ఆగాడు,
చెవి మీది పెన్సిల్ తీసి
పాత ధర కొట్టేసి నూట యాభై వేశాడు.
అదే పుస్తకం కదన్నా అంటే,
"రాతలెక్కువైనాయి కదప్పా" అన్నాడు.